జనరల్ గారి పదహారో అధ్యాయం

అమ్మ పోయిన నెలకి, డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆమె ఉన్న అపార్ట్‌మెంట్ ఖాళీ చేయడానికి వెళ్ళాను. రెండు రోజుల్లో తేలిపోతుందనుకున్న పని. బట్టలు, గిన్నెలు, మందుల సీసాలు చకచకా అట్టపెట్టెల్లో సర్దేశాను. పని మొదలుపెడితే నేను నిలబడను, పక్కవాళ్ళని నిలబడనివ్వను. మా ఆయన నన్ను తుఫాను అంటాడు. చివరికి దేవుడి అర మిగిలింది. పటాలు తీసి, తుడిచి, పక్కన పెట్టి, అరలో పరిచిన పాత న్యూస్‌పేపర్ లాగాను. దాని అడుగున ఒక ప్లాస్టిక్ కవరు, కవరులో రెండు పసుపుపచ్చ కాగితాలు. లాయర్లు వాడే పొడుగు గీతల కాగితాలు. వాటి మీద నల్ల మార్కర్‌తో పెద్ద పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు, వరస తప్పి అటూ ఇటూ పోయిన రాత. చదవక్కర్లేకుండానే గుర్తుపట్టాను. సర్దడం ఆపి నేల మీద కూర్చున్నాను.

ఆ కాగితాలు రాసింది మా పక్కింటి ముసలావిడ. ఆవిడ తండ్రి రష్యాలో జార్ చక్రవర్తి కాలంలో జనరల్‌గా పనిచేసి, తరవాత యుద్ధ మంత్రి అయ్యాడు. ఆయన జీవితచరిత్ర ఆవిడ రాసింది, మా అమ్మ టైపు చేసింది, నేను చదివి వినిపించాను. ఆ పుస్తకంలో ఉండాల్సిన రెండు పేజీలు ఇవి. పుస్తకంలో లేవు. లేకుండా చేసింది మేమిద్దరమే, అమ్మా నేనూ. అవి పుస్తకంలో ఉన్నాయనుకునే ఆవిడ కన్ను మూసింది. అమ్మ వాటిని ఏనాడో చెత్తలో పారేసిందని నేను అనుకుంటూ వచ్చాను. పారేయలేదు, దేవుడి కింద దాచింది. మహాతల్లి, రోజూ వాటి మీదే దీపం పెట్టుకుంది! వాళ్ళ కుటుంబం వాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి అసలు పేర్లు రాయను. మేము పిలిచినట్టే మామ్మగారు అంటాను.

అప్పట్లో మా ఇల్లు అపార్ట్‌మెంట్ కాదు, ఆ ఊళ్ళోనే చిన్న పెంకుటిల్లు లాంటి ఒంటంతస్తు ఇల్లు. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. డెట్రాయిట్ చుట్టుపక్కల లేఆఫ్‌ల రోజులవి. పొద్దున్నే నాన్న కారు స్టార్ట్ చేస్తుంటే అమ్మ కిటికీ దగ్గర నిలబడి చూసేది. సాయంత్రం ఆ కారు తిరిగి వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ కాలు నిలిచేది కాదు. అమ్మ తుడిచిన బల్లే తుడిచేది. నేను ఫ్రిజ్ తలుపు తీసి, చూసి, ఏమీ తీసుకోకుండా మూసేదాన్ని. "ఎన్నిసార్లు తీస్తావే, చల్లదనమంతా పోతోంది, లోపల నీ పెళ్ళికొడుకేమైనా ఉన్నాడా?" అని అమ్మ అరిచేది. నాకు పద్నాలుగేళ్ళు. తెలుగు ఐదో తరగతి దాకా చదివి ఈ దేశం వచ్చినదాన్ని. స్కూల్లో ఒక భాష, ఇంట్లో ఒక భాష, రెంటిలోనూ ఏదో తప్పు చేస్తున్నానని ఎప్పుడూ గాభరా. ఇల్లంతా ఇంగువ వాసన వేస్తే నా కోటుకి పడుతుందని ఏడ్చేదాన్ని. ఇప్పుడు నా మనవరాలు లంచ్ డబ్బాలో పులిహోర పట్టుకెళ్ళి స్నేహితులకి పంచి వస్తోంది. ఆ పిల్లని చూస్తే సంతోషంతో పాటు కాస్త ఈర్ష్య కూడా వేస్తుంది, దాచుకోవడం దేనికి.

అమ్మ తెనాలిలో టైపు నేర్చుకుంది. లోయర్, హయ్యర్ రెండూ ఫస్ట్ క్లాసులో పాసైంది. ఇన్‌స్టిట్యూట్ మాస్టారు చేతుల మీద తుండుగుడ్డ కప్పి టైపు చేయించేవాడట. ఆయన నేర్పిన సూత్రం ఒకటే: చదవకూడదు, కొట్టాలి. కాగితంలో ఏముంటే అది, తప్పుంటే తప్పుతో సహా. అర్థం గురించి ఆలోచిస్తే వేలు తడబడుతుంది. అమ్మకి ఆ విద్య మీద ఎంత గర్వమంటే, ఎవరో ఇంటి ముందు గరాజ్ సేల్‌లో అమ్మకానికి పెట్టిన పాత టైప్‌రైటర్ కనిపిస్తే నాన్నని అక్కడే కారాపించి డిక్కీలో వేయించుకుంది. "ఏమోయ్, ఇంట్లో ఆఫీసు పెడతావా?" అని నాన్న ఏడిపించాడు. "పెడతానండీ, మీకు ఉద్యోగం పోతే నా దగ్గర గుమాస్తాగా చేరండి" అంది. ఆ మాట అన్నాక నాన్న కారులో రేడియో పెట్టాడు. దొరికిన కాగితం మీదల్లా టకటకా కొట్టేది, నా హిస్టరీ పాఠాలు, సబ్బు పెట్టె మీద రాసిన సూచనలు, ఏవైనా సరే. కొడుతున్నంతసేపూ ఆమె ముఖంలో ఉండే నెమ్మది నేను మరెప్పుడూ చూడలేదు.

పక్కింటావిడతో స్నేహం చుక్కకూర వల్ల కలిసింది. నవ్వకండి. ఆ రోజుల్లో అక్కడ ఆకుకూర అంటే పాలకూర, అదీ గడ్డకట్టిన ఇటుకలా పెట్టెలో వచ్చేది. ఒక వేసవిలో అమ్మ బట్టలు ఆరేస్తూ కంచె అవతలికి చూసి కెవ్వుమంది. "సుజీ, చుక్కకూర! ఒట్టు, చుక్కకూరే!" కంచె మీద నుంచి చెయ్యి చాచి ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. పులుపుకి ఒక కన్ను మూసుకుని నిలబడి ఉండగానే ఆ ఇంటావిడ వెనక తలుపు తీసుకుని వచ్చింది. ఎనభై దాటిన మనిషి. నిటారుగా ఉంటుంది, నడుముకి మగవాళ్ళ బెల్టు పెట్టుకుంటుంది. దొంగతనంలో పట్టుబడ్డ అమ్మ గబగబా నమిలేసింది. ఆవిడకి చూపు సరిగా లేదు, నమలడం మాత్రం వినిపించింది. "ఉప్పు తెమ్మంటారా?" అని అడిగింది. వాళ్ళ దేశంలో ఆ ఆకుతో చారు కాచుకుని, అందులో ఉడికించిన గుడ్డు వేసుకుంటారట. మర్నాడు అమ్మ చుక్కకూర పప్పు పట్టుకెళ్ళింది. ఆవిడ స్పూన్‌తో గిన్నె అడుగంటా గీకింది.

ఆ ఇంట్లో సోపు గింజల వాసన లాంటిదేదో, కర్పూరం, పాత ఉన్ని, అన్నీ కలిసిన వాసన వచ్చేది. గోడ మీద జనరల్ గారి ఫోటో. గుబురు మీసం, ఛాతీ నిండా పతకాలు, ఎడమచేతికి తోలు తొడుగు. అమ్మ మొదటి రోజే చెప్పులు గుమ్మంలో విడిచి, ఫోటోకి అలవాటుకొద్దీ నమస్కారం పెట్టింది. అది చూసి ఆవిడ కరిగిపోయింది. "అరవై ఏళ్ళుగా ఆయనకి తిట్లే గాని నమస్కారం దక్కలేదు" అంది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లిషే, చిన్నప్పుడు ఇంట్లో దొరసాని పెట్టి నేర్పించిన ఇంగ్లిష్. నాకు మాత్రం అన్నీ తెలుగులోనే గుర్తున్నాయి. అమ్మ ఆవిడని మామ్మగారూ అని పిలవడం మొదలుపెట్టింది, నన్నూ అలాగే పిలవమంది. అది పెద్ద బిరుదనుకుని ఆవిడ పోస్ట్‌మాన్‌కి కూడా అలాగే పరిచయం చేసుకుంది!

మామ్మగారికి గ్లకోమా. చివరి చూపు పోయేలోగా తండ్రి చరిత్ర రాసి ముగించాలని ఆరాటం. పసుపు కాగితాల మీద మార్కర్‌తో పెద్ద పెద్ద అక్షరాలు రాసేది, పేజీకి ఇరవై లైన్లు కూడా పట్టేవి కావు. రాసింది తనే చదువుకోలేకపోయేది. అమ్మ తనంతట తానే, "నేను టైపు చేస్తాను మామ్మగారూ" అంది. పద్ధతి అలా కుదిరింది. పొద్దున ఆవిడ రాసిన కాగితాలు అమ్మ తెచ్చుకుని మధ్యాహ్నం కార్బన్ పెట్టి రెండు కాపీలు కొట్టేది. నేను స్కూల్ నుంచి వచ్చి పాలు తాగి, ఆ టైపు పేజీలు పట్టుకుని పక్కింటికెళ్ళి గట్టిగా చదివి వినిపించేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని, కర్ర మీద గడ్డం ఆనించి వినేది. ఎక్కడైనా మాట తప్పిపోతే కర్రతో నేల మీద కొట్టేది. తన రాత మొత్తం ఆవిడకి కంఠతా వచ్చు.

అలా జనరల్ గారు మా ఇంట్లోకి కూడా వచ్చేశాడు. ఆయన పెద్ద జమీందారు కొడుకేమీ కాదు. అప్పుల్లో మునిగిన చిన్న ఎస్టేటు వాళ్ళ పిల్లాడు. పదేళ్ళకే సైనిక పాఠశాలలో పడేశారు. అక్కడ చన్నీళ్ళ స్నానం, రొట్టె, దెబ్బలు. కొండల్లో జరిగిన ఒక యుద్ధంలో మంచుకి ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి, తోలు తొడుగు అందుకు. జనరల్ అయ్యాక కూడా తన బూట్లు తనే పాలిష్ చేసుకునేవాడు, నౌకరు ముట్టుకుంటే ఒంటికాలి మీద లేచేవాడు. ఇంట్లో ఆయనకి కుర్చీ ఉండేది గాని కూర్చునేవాడు కాదట. గది ఈ చివర నుంచి ఆ చివరకి అడుగులు లెక్కపెడుతూ నడిచేవాడు. భోజనం నిలబడి, ఉత్తరాలు చెప్పడం నడుస్తూ, పిల్లల్ని ముద్దు చేయడం కూడా అటు వెళ్తూ ఒకటి, ఇటు వస్తూ ఒకటి. ఇది విని నాన్న, "శారదా, ఆయన మీ పుట్టింటి తాలూకు అయ్యుంటాడు" అన్నాడు. అమ్మ నిజంగానే ఆ మనిషి మీద అభిమానం పెంచుకుంది. చదవకూడదు, కొట్టాలి అనే సూత్రం జనరల్ గారి దగ్గర నీరుగారిపోయింది. వంట చేస్తూ, "పాపం, ఆ ముగ్గురు పిల్లలతో ఆ చలిలో ఎలా వేగాడో" అనేది.

యాభై దాటాక చక్రవర్తి ఆయన్ని పిలిచి యుద్ధ మంత్రిని చేశాడు. గుర్రం దిగి బల్ల ముందుకు వెళ్ళడం ఆయనకి చేతకాలేదని మామ్మగారే రాసింది. టెలిఫోన్ అంటే భయం, అది మోగితే గోడవైపు తిరిగి నిలబడేవాడు. మంత్రుల భాష రాదు. వేళ్ళు లేని చెయ్యి మంచులో నొప్పెడితే, ఆ బాధకి కుడిచేతి రాత కూడా చెడేది. అందుకని పంతొమ్మిదేళ్ళ కూతుర్ని పక్కన కూర్చోపెట్టుకుని ముఖ్యమైన కాగితాలన్నీ ఆమె చేత సాపు రాయించేవాడు. ఆమె అక్షరం అచ్చు గుద్దినట్టుండేదట. తరవాత మహాయుద్ధం వచ్చింది. ఫిరంగి గుండ్లు లేక సైన్యం చితికిపోయింది. అన్నీ సిద్ధంగా ఉన్నాయని మంత్రి అబద్ధం చెప్పాడని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పదవి పోయింది, విచారణ, జైలు, విప్లవం, ప్రవాసం. పరాయి ఊళ్ళో అద్దె గదిలో పోయాడు. పుస్తకం పొడుగునా మామ్మగారు ఒక ప్రశ్న వేస్తూ వచ్చింది: ఆయన అబద్ధం చెప్పాడా, లేక కిందివాళ్ళు ఆయనకి అబద్ధం చెప్పారా? జవాబు పదహారో అధ్యాయంలో ఉంటుంది అనేది. నేనైతే ఆయన నిర్దోషి అని ముందే తీర్పు ఇచ్చేశాను. స్కూల్లో నా పేరు కూడా సరిగా పలకని పిల్లల మధ్య, చక్రవర్తి కొలువులో పనిచేసిన ఒక మనిషి నాకు సొంతమయ్యాడు మరి.

జనరల్ గారిని నాకంటే ఎక్కువ ప్రేమించినవాడు ఆండ్రూ. ఇదీ అసలు పేరు కాదు. మామ్మగారి కూతురు కొడుకు. కూతురు చనిపోయింది, ఆవిడకి మిగిలింది ఈ ఒక్క మనవడే. అప్పుడే అమెరికన్ ఆర్మీలో చేరాడు. సెలవు దొరికినప్పుడల్లా ఎక్కడెక్కడి నుంచో డ్రైవ్ చేసుకుని వచ్చి, ముత్తాత ఫోటో ముందు నిలబడి సెల్యూట్ చేసేవాడు. అతను వస్తున్నాడంటే మామ్మగారు రెండు రోజుల ముందు నుంచి కాలు కాలిన పిల్లిలా తిరిగేది. పుస్తకం అతని కోసమే రాస్తున్నానని అందరికీ చెప్పేది. పూర్తయ్యాక ఒక కాపీ అతనికి, ఇంకొకటి యూనివర్సిటీ లైబ్రరీకి.

పదహారో అధ్యాయం వచ్చిన రోజు నేను స్కూల్ నుంచి వచ్చేసరికి టైప్‌రైటర్ చప్పుడు లేదు. అమ్మ దాని ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా పసుపు కాగితాలు. నాన్న ఉద్యోగం పోయిందనుకున్నాను. "నాన్న ఫోన్ చేశారా?" అన్నాను. కాదన్నట్టు తలూపి, ఆ అధ్యాయంలో రెండు కాగితాలు తీసి విడిగా పెట్టింది. "ఇవి నేను కొట్టను" అంది.

తీసుకుని చదివాను. రెండే పేజీలు. యుద్ధం మొదలైన ఏడాదిలో ఒక ఉదయం, కాఫీ తాగే వేళ, సరిహద్దు నుంచి నివేదిక వచ్చింది. గుండ్ల లెక్క అది. ఉండాల్సినదాంట్లో పదో వంతు ఉన్నాయి. ఆ పూట చక్రవర్తి ముందు మంత్రుల సమావేశం. జనరల్ గారు చాలాసేపు గదిలో అటూ ఇటూ నడిచాడు. ఆగి, "రెండు నెలల్లో గుండ్లు వచ్చేస్తాయి. అంతవరకు ఒక సున్నా మోస్తుందిలే" అన్నాడు. కూతురు సాపు రాస్తున్న కాగితంలో ఆ అంకె పక్కన ఒక సున్నా చేర్చమన్నాడు. చేర్చింది. తన అందమైన అక్షరంతో. ఆ లెక్క నమ్మి సైన్యాన్ని అక్కడే నిలిపారు. శత్రువు విరుచుకుపడిన రోజు, మధ్యాహ్నానికల్లా గుండ్లు అయిపోయిన ఫిరంగి దళాల్లో ఒకదానిలో ఆవిడ అన్న ఉన్నాడు. ఎముక కూడా దొరకలేదు. ఎన్నో ఏళ్ళ తరవాత అద్దె గదిలో, పోయే ముందు రోజు, తండ్రి ఆవిడ చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నాడట: "నీ దస్తూరి చాలా బాగుండేదమ్మా." కింద మామ్మగారు ఇలా రాసింది: "ఆయన చెప్పాడు. రాసింది నేను. ఇది నా మనవడు చదవాలి."

జనరల్ గారు నన్ను మోసం చేసినట్టు ఒళ్ళు మండిపోయింది. "కొట్టు, కొట్టేయ్ అమ్మా, అందరికీ తెలియాలి" అన్నాను.

"ఏం తెలియాలే? ఆ అబ్బాయి ఇది చదివితే ఇక ఈ గుమ్మం తొక్కుతాడా? ఉన్న ఒక్కడూ రాకపోతే ఆ ముసలావిడ గతేంటి? చూపు లేదు, మనిషి లేడు."

"ఆవిడే కదా రాసింది!"

"రాస్తుంది. బాధలో మనిషి ఏదైనా రాస్తుంది. కన్నతండ్రిని, పోయిన అన్నని, తనని తను అందరి ముందూ నిలబెట్టుకుని ఏం బావుకుంటుంది? దగ్గర పెద్దవాళ్ళెవరైనా ఉంటే వద్దనేవాళ్ళు. ఎవరూ లేరు. నేనున్నాను."

"మరి నేను చదివితే కర్రతో కొడుతుందిగా, రెండు పేజీలు లేకపోతే?"

అమ్మ నా ముఖంలోకి చూడలేదు. "టైపు పేజీల మధ్యలో ఇవి పెట్టుకుని చదువు. ఆవిడకి కనిపించదు" అంది. ఎప్పుడూ ఒక్క కామా కూడా మార్చని మా అమ్మ! మర్నాటి నుంచి ఆవిడ ఇంటికి వెళ్ళనని మొండికేశాను. అమ్మ బతిమాలింది. అమ్మ నన్ను బతిమాలడం అదే మొదటిసారి, నేను తట్టుకోలేకపోయాను.

వెళ్ళాను. టైపు పేజీల మధ్య పసుపు కాగితాలు పెట్టుకుని చదివాను. సున్నా దగ్గరికి వచ్చాను. మామ్మగారు కర్ర కదపలేదు. దస్తూరి మాట దగ్గర, "ఇంకోసారి" అంది. ఇంకోసారి చదివాను. చెయ్యి చాచి, తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "అన్నీ ఉన్నాయా? ఒక్క మాట కూడా వదల్లేదుగా శారద?" అని అడిగింది. ఉన్నాయి మామ్మగారూ అన్నాను. "మీ అమ్మ మంచి టైపిస్టు. ఉన్నది ఉన్నట్టు కొడుతుంది" అంది. ఇంటికొచ్చి ఆ కాగితాలు అమ్మ చేతిలో పెట్టి, బాత్‌రూంలో తలుపేసుకుని ఏడ్చాను. అబద్ధం అమ్మ మొదలుపెట్టింది, నిజమే. మామ్మగారు అడిగింది మాత్రం నన్ను.

టైపు కాపీలు రెండూ బైండ్ చేయించారు. ఒకటి ఆండ్రూ పట్టుకెళ్ళాడు, ఒకటి లైబ్రరీకి వెళ్ళింది. నాన్నకి ఆ ఏడు చివర్లో లేఆఫ్ వచ్చి మేము ఒహాయో వెళ్ళిపోయాం, పెద్దతనంలో గాని అమ్మ మళ్ళీ ఆ ఊరు చేరలేదు. రెండేళ్ళకి మామ్మగారు పోయిందని ఉత్తరం వచ్చింది. అమ్మ తల మీద నీళ్ళు పోసుకుని దీపం పెట్టింది. మళ్ళీ ఎప్పుడూ టైప్‌రైటర్ ముట్టుకోలేదు. నేను కాలేజీలో ఉండగా ఒకసారి కోపంలో, "నువ్వు ఆవిడ నోరు నొక్కేశావు" అన్నాను. "అవును, నొక్కాను. ఏడుపు రాకుండా పసిపిల్ల నోట్లో పాలపీక పెట్టినట్టు పెట్టాను. నీకు పిల్లలు పుట్టాక మాట్లాడు" అంది. పిల్లలు పుట్టారు, మనవరాలు కూడా వచ్చింది, నేను మాట్లాడలేదు. అప్పుడు మా అందరి ఇళ్ళల్లో అంతే. పెద్దవాళ్ళు ఒక విషయం మీద మూత పెడితే అది మూసి ఉండాల్సిందే, తెరిచినవాళ్ళు దోషులు. ఇప్పటి పిల్లలు అన్నీ బల్ల మీద పరుస్తారు, తల్లిదండ్రుల తప్పులు వాళ్ళ ముందే చదివి వినిపిస్తారు. నా కూతురు నాకు అలాంటి జాబితా ఒకటి చదివింది కూడా. వింటున్నప్పుడు చచ్చేంత కోపం వచ్చింది. తరవాత వారం రోజులు ఎందుకో తేలిగ్గా తిరిగాను.

అమ్మ అపార్ట్‌మెంట్ నుంచి కాగితాలు తెచ్చుకున్నాక నాకు నిద్ర లేదు, తిండి లేదు. చివరికి ఆండ్రూ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆర్మీ నుంచి రిటైరయ్యాడు, వర్జీనియాలో ఆష్‌బర్న్ దగ్గర ఉంటున్నాడు. చుక్కకూర పప్పు అనగానే గుర్తుపట్టాడు. ఉపోద్ఘాతం లేకుండా, ఆగితే చెప్పలేనని భయపడి, రెండు పేజీలూ ఫోన్‌లోనే చదివేశాను.

"మా అమ్మమ్మ పోయే ముందు నన్ను పిలిపించింది" అన్నాడు మెల్లగా. "పుస్తకం చదివావా అని అడిగింది. చదివానన్నాను. పదహారో అధ్యాయం కూడానా అంది. అవును, అన్నిటికంటే అదే నాకు నచ్చింది అన్నాను. నా ముఖం రెండు చేతుల్తో పట్టుకుని ఏడ్చింది సుజాతా. అంత గట్టిగా ఎందుకు ఏడుస్తోందో నాకు తెలియలేదు. నువ్వు మళ్ళీ వస్తావా అంది. రాకేం అన్నాను. ఆ తరవాత ప్రశాంతంగా నిద్రపోయింది."

నేను క్షమించమని అడగడానికి ఫోన్ చేశాను. అతను తనకి తెలియకుండానే ఎప్పుడో క్షమించేసి ఉన్నాడు, నన్ను కాదు, ఆవిడని. చదవని పేజీలకి.

"చదివి ఉంటే ఏమనేవాడివి?" అని అడగకుండా ఉండలేకపోయాను.

"నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. యూనిఫారంలో ఉన్నాను" అన్నాడు. "లేచి వెళ్ళిపోయేవాణ్ణి. తిరిగి వచ్చేవాణ్ణని చెప్పలేను" అన్నాడు. తరవాత, "ఆ పేజీలు లైబ్రరీలో పెట్టు. నాకు చెప్పాననుకుని పోయింది ఆవిడ. కనీసం ఎక్కడో ఒకచోట చెప్పినట్టు ఉండాలి" అన్నాడు.

పోయిన వారం ఆ యూనివర్సిటీకి వెళ్ళాను. లైబ్రరీలో పాత కాగితాల విభాగం చూసే అమ్మాయి మన తెలుగమ్మాయే, ఇక్కడే పుట్టింది. "హాయ్ ఆంటీ, నేను హెల్ప్ చేస్తాను" అంటూ బైండు పుస్తకం తెచ్చి, పదహారో అధ్యాయం తీసి చూపించింది. అమ్మ కొట్టిన అక్షరాలు, ఎక్కడా ఒక దిద్దుబాటు లేదు. ఆ పేజీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఆ అమ్మాయి ఒక ఫారం ఇచ్చింది. "ఇది ఫిల్ చేయండి ఆంటీ. ఈ పేజెస్ ఇన్ని ఇయర్స్ ఎవరి దగ్గర ఉంది, బుక్‌లో ఎందుకు లేదు, అది రాయాలి. తరవాత రీసెర్చ్ చేసేవాళ్ళు అదే చదువుతారు."

పెన్ను తీసుకుని, ‘పాత కాగితాల్లో దొరికాయి’ అని రాశాను. ఎవరి పాత కాగితాలో రాయలేదు. సంతకం పెట్టి ఇచ్చేసి, కారు దాకా వచ్చి, తలుపు తీసి, కూర్చుని, మళ్ళీ దిగాను. ఎనభై నాలుగేళ్ళ మనిషి, కళ్ళు కనిపించకుండా, తండ్రి పేరూ తన పేరూ రాసింది. నాకు కళ్ళున్నాయి. వెనక్కి పరుగెత్తినట్టే వెళ్ళి ఆ ఫారం అడిగి తీసుకున్నాను. నేను రాసిన వాక్యం కొట్టేసి, కింద అమ్మ పేరు ఇంటిపేరుతో సహా రాశాను. ఆమె ఈ పేజీలు తెలిసి తీసేసిందని రాశాను. ఉన్నాయని ఆవిడతో అబద్ధం చెప్పింది నేనని రాసి, నా పేరు రాశాను. అమ్మ ఇంటిపేరు రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి చదివి తలెత్తింది. ముఖం చిన్నబోయింది. "ఇది మీ మదర్ ఆ, ఆంటీ? ఇలా రాస్తే, షీ లుక్స్ బ్యాడ్. అందరికీ తెలిసిపోతుంది కదా. ఐ కెన్ గివ్ యూ ఎ న్యూ ఫారం."

"వద్దమ్మా" అన్నాను. "ఉన్నది ఉన్నట్టు ఫైల్ చేసుకో."